ఎడమ చెవి

సోమవారం పదకొండు గంటల బస్సుకి తిరుపతిరావు రెండు అట్టపెట్టెలు చంకన పెట్టుకుని బెజవాడ నుంచి దిగాడు. జగ్గయ్యపేట బస్టాండుకి ఎదురుగానే ఆయన కొట్టు, భారతి సౌండ్స్. లోపల ఆపరేటరు ప్రేమదాసు పొద్దుటి నుంచి మూడో క్యాసెట్టు నింపుతున్నాడు. ఎవరో రాసిచ్చిన పాటల చీటీ ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద స్క్రూడ్రైవరు పెట్టుకున్నాడు.

తిరుపతిరావు పెట్టెలు బల్ల మీద దించి, కండువాతో మెడ తుడుచుకుని, ఒక్కొక్కటే విప్పాడు. రెండూ హెడ్‌ఫోన్లే. ఒకటి నల్లది, బరువైనది. చెవులు మొత్తం మూసేసే డిప్పలు, వాటికి రెగ్జిన్ దిండ్లు, టెలిఫోను తీగలాగా చుట్టలు తిరిగిన వైరు. రెండోది చేతిలో ఉన్నా లేనట్టే ఉంది. సన్నటి స్టీలు పట్టీ, రెండు చివరలా పసుపుపచ్చ స్పాంజి బిళ్ళలు.

బెజవాడ కొట్టువాడు శనివారం దాకా గడువిచ్చాడట. నచ్చింది ఉంచుకుని నచ్చనిది పంపేయొచ్చు. పోయిన నెల నందిగామలో ఒక పెళ్ళికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి తిరుపతిరావుకి ఇదే ధ్యాస. అక్కడి మైక్ సెట్టు ఆపరేటరు నెత్తిన హెడ్‌ఫోను పెట్టుకుని, రెండు టర్న్‌టేబుళ్ళ మధ్య కూర్చుని, పాటకీ పాటకీ మధ్య ఊపిరంత సందు లేకుండా వేశాడు. వచ్చిన జనం పెళ్ళికొడుకుని వదిలేసి వాడి చుట్టూ మూగారు. తిరుపతిరావు ఇంటికొచ్చి రెండో టర్న్‌టేబులూ, రెంటి పాటల్నీ కలిపే కొత్త మిక్సరూ తెప్పించాడు. మిగిలింది హెడ్‌ఫోను.

ఇన్నాళ్ళూ ప్రేమదాసు అవేమీ లేకుండానే నెట్టుకొచ్చాడు. రికార్డు మీద ముల్లు తనంతట తాను, చీమ నడిచినంత సన్నగా పాడుతుంది. వంగి చెవి దాని పక్కన పెడితే పాట మొదలెక్కడుందో దొరుకుతుంది. పెళ్ళిళ్ళలో ఆయన టర్న్‌టేబులు మీదికి వంగి ఉండటం చూసి పిల్లలు, మైకు మామ నిద్రపోతున్నాడని నవ్వేవాళ్ళు.

"నీ చెవి మీద నాకు గురిరా," అన్నాడు తిరుపతిరావు. "రెండూ విని ఏది మంచిదో నువ్వే చెప్పాలి. నల్లది పెట్టుకుని చూడు. ఆ పచ్చది మాత్రం చెవికి పెట్టమాక. కాస్త దగ్గరగా పట్టుకుని విను, చాలు. స్పాంజి గదా. నూనె అంటితే వాడు తిరిగి తీసుకోడు."

"అట్టాగేనండి," అన్నాడు ప్రేమదాసు.

ఆయన తలకి నూనె రాసి నాలుగు రోజులైంది. ఆ మాట అనలేదు.

కొట్టులో క్యాసెట్లు నింపే డెక్కుకి ఎప్పటి నుంచో ఒక హెడ్‌ఫోను ఉంది. గోడ మేకుకి వేలాడుతూ ఉంటుంది. దాని దిండ్లు చిరిగితే ప్రేమదాసు పాత లుంగీ గుడ్డ కత్తిరించి కుట్టాడు. ఆ గుడ్డ చెమటకి నల్లబడింది. దాన్ని ప్రేమదాసు తప్ప ఎవరూ ముట్టుకోరు. రెండేళ్ళ కిందట పెనుగంచిప్రోలు తిరునాళ్ళ నుంచి సామాను తెస్తుంటే చిల్లకల్లు దగ్గర బండి ఒరిగి, డెక్కూ హెడ్‌ఫోనూ రెండూ కిందపడ్డాయి. ఆ రోజు నుంచి హెడ్‌ఫోనుకి ఎడమ చెవి పలకదు. పాటలు నింపే పనికి ఒక చెవి చాలు. ప్రేమదాసు ఎప్పుడూ దాని గురించి అడగలేదు.

అడగాలనిపించింది పోయిన శుక్రవారమే. ఆ రోజు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరు ఒకాయన జీపు దిగి, ఒక విదేశీ క్యాసెట్టు ఇచ్చి, టేపు సాగిపోతోందని, దీనికో కాపీ తీసి పెట్టమన్నాడు. పోయినసారి తీసిన కాపీ తనకెందుకో తృప్తిగా లేదని కూడా అన్నాడు. వచ్చే వారం శనివారం వస్తానన్నాడు.

అందులో మనిషి గొంతు లేదు. వీణ లేదు, డోలు లేదు. అంతా మిషన్లతో వాయించిందే. మొదట బోరింగు మోటారు ఆన్ చేసినట్టు ఒక మోత. దాని మీద చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నట్టు ఒక చప్పుడు. ఆ చుక్కలు నిలకడగా ఉండవు, కదులుతాయి. కుడిచెవి పక్కన మొదలై, నుదుటి ముందుకొచ్చి, ఎటో వెళ్ళిపోతాయి. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ కుడిపక్కనే పుడతాయి. చిల్లకల్లు రోడ్డు పక్కన నిలబడితే హైదరాబాదు వైపు నుంచి వచ్చే లారీ కుడిపక్కన వినపడి, ముందు నుంచి పోయి, బెజవాడ వైపు ఎడమపక్కన సన్నగిల్లుతుంది. ఈ టేపులో లారీలన్నీ ఎదుటికొచ్చి మాయమైపోతున్నాయి. అవి ఎటు పోతున్నాయో ప్రేమదాసుకి తెలుసు. వినపడటమే లేదు.

ఆ క్యాసెట్టు ఈలోగా ఆరుసార్లు విన్నాడు. ఆ చుక్కలు పోయిన ప్రతిసారీ, బస్టాండులో మనిషి కోసం నిలబడ్డట్టు, అవి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. శనివారం లోపు ఒక్కసారి, అవి ఎడమపక్కకి వెళ్ళటం వినాలి. కొత్త హెడ్‌ఫోన్లు చూడగానే ఆయనకి గుర్తొచ్చింది అదే.

తిరుపతిరావు భోజనానికి వెళ్ళాక నల్లది డెక్కుకి తగిలించి పెట్టుకున్నాడు. బస్టాండు మొత్తం తలుపేసినట్టు ఆగిపోయింది. టేపు తిప్పాడు. మోటారు మోత కడుపులోకి దిగింది. చుక్కలు కుడిపక్కన పుట్టాయి. ముందుకొచ్చాయి. పోయాయి.

ఎడమపక్క ఏమీ లేదు.

పిన్ను ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. తిప్పి గుచ్చాడు. లేదు. చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, పచ్చది తీశాడు. స్టీలు పట్టీని రెండు చేతులతో, నలుసు పడ్డ కంటి రెప్ప విప్పినట్టు విడదీసి, చెవులకి అంగుళం దూరంలో పట్టుకున్నాడు. కుడిపక్క దోమ రొద లాంటిది వినపడింది. ఎడమపక్క అది కూడా లేదు.

ఆయన అట్లా చేతులెత్తి కూర్చుని ఉండగా భవానీప్రసాద్ వచ్చాడు. భవానీప్రసాద్ తిరుపతిరావు బావమరిది, బెజవాడలో డిగ్రీ చదువుతూ సెలవులకి అక్క భారతీదేవి ఇంటికొచ్చాడు. వెనకే తిరుపతిరావూ వచ్చాడు. ప్రేమదాసు చేతిలోంచి పచ్చది తీసుకుని భవానీప్రసాద్ నెత్తిన పెట్టుకున్నాడు. పొద్దున పట్టించిన కొబ్బరినూనె చెంపల మీదికి కారుతోంది.

"అదిరింది బావా," అని అరిచాడు, తనకి వినపడనట్టే అందరికీ వినపడదనుకుని. "రెండు పక్కలా దంచేస్తోంది."

ప్రేమదాసు ఆయన ఎడమచెవి మీది స్పాంజి వంక చూశాడు. స్పాంజి నూనెకి ముదురు రంగు తిరిగింది.

తర్వాత భవానీప్రసాద్ నల్లది అడిగాడు. ప్రేమదాసు అందించబోతుంటే తిరుపతిరావు అరలో ఉన్న స్పిరిటు సీసా వంక చూపించాడు. టేపు హెడ్డు తుడిచే స్పిరిటు అది. ప్రేమదాసు దూది తడిపి రెండు దిండ్లూ తుడిచాడు. ఇంకోసారి తుడవమన్నాడు తిరుపతిరావు. ఇంకోసారి తుడిచి బల్ల మీద పెట్టాడు. భవానీప్రసాద్ బల్ల మీంచి తీసుకున్నాడు.

సాయంత్రం ప్రేమదాసు సైకిలు మీద చిల్లకల్లులో ఇల్లు చేరి, అన్నం వడ్డిస్తున్న భార్య లూర్దమ్మకి ఈ ఎడమపక్క సంగతంతా చెప్పాడు. చప్పుడు ఒక చెవి దగ్గర బయలుదేరి రెండో చెవికి పోవటం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. చేత్తో నుదుటి మీద గీత గీసి చూపించాడు.

"నా మాట కూడా అంతేగా," అంది లూర్దమ్మ. "ఈ చెవిన వెళ్ళి ఆ చెవిన పోవటమే. లోపలెక్కడా ఆగదు."

ఆయన నవ్వాడు. తర్వాత గడపలో కూర్చుని, రోడ్డు మీద రెండు లారీలు పోయేదాకా విన్నాడు.

బుధవారం పొద్దున వీరులపాడులో పెళ్ళి. పందిట్లో మైక్ సెట్టు బల్ల మీద రెండు టర్న్‌టేబుళ్ళు, మధ్యలో కొత్త మిక్సరు. చెట్టుకొమ్మకి కట్టిన లౌడ్‌స్పీకరు హారను నెత్తి మీదే మోగుతోంది. ప్రేమదాసు నల్లది పెట్టుకున్నాడు. కుడి టర్న్‌టేబులు హారనుకి పాడుతుంటే ఎడమ టర్న్‌టేబులు ఆయన ఒక్కడికే వినపడింది. రికార్డు వేలితో ఆపి, వెనక్కి లాగి, పాట మొదలు ముల్లు కింద పెట్టి పట్టుకున్నాడు. కుడిపాట చివరి మాట అయిపోతుండగా వేలు వదిలాడు. సందు రాలేదు. పెళ్ళికూతురి మేనమామ ఒకాయన కుర్చీ లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

మూడు పాటలు అట్లా వేశాక, నాలుగోది వెతుకుతుంటే ప్రేమదాసు వేలు రికార్డు మీదే ఆగిపోయింది. పాట రెండు చెవుల్లోనూ వినపడుతోంది. ఇందాకటి నుంచీ వినపడుతూనే ఉంది. పని తొందరలో గమనించలేదు. ఎడమ డిప్ప చెవి మీంచి లాగి చూశాడు. పెట్టి చూశాడు. హెడ్‌ఫోనుకి ఏ లోపమూ లేదు.

అప్పుడే భవానీప్రసాద్ పచ్చది మెళ్ళో వేసుకుని వచ్చాడు. పెళ్ళికొచ్చినవాళ్ళలో ఆయన కాలేజీ స్నేహితులున్నారు. నేనో రెండు పాటలు వేస్తా, లెమ్మన్నాడు. ప్రేమదాసు లేచాడు. పచ్చది నెత్తిన పెట్టుకుని భవానీప్రసాద్ మిక్సరు నాబులు తిప్పాడు. కొట్టులో అంత హాయిగా పాడిన స్పాంజి బిళ్ళల్లోకి ఇక్కడ హారను మోత అడ్డం లేకుండా దూరింది. లోపల ఏం పాడుతోందో ఆయనకి వినపడలేదు. వినపడినట్టే తలాడించాడు. ఒక పాట నడుస్తుండగానే రెండో పాట సగం నుంచి మొదలై, రెండూ కలిసి హారనులో కొట్టుకున్నాయి. సన్నాయి వాయించేవాళ్ళు వాయిద్యాలు దించి చూశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రేమదాసు ఒక రికార్డు ఎత్తేశాడు. నల్లది భవానీప్రసాద్ కుర్చీ కిందికి జారిపోయింది. ఆయన్ని లేవమనలేక ప్రేమదాసు పక్కనే నిలబడి వంగి, చెవి ముల్లు దగ్గర పెట్టి, తర్వాతి పాట పట్టాడు.

"నిద్రపోతున్నాడ్రోయ్," అన్నాడొక పిల్లవాడు.

గురువారం పొద్దున కొట్టు తీసి, ఊడ్చి, మేకున ఉన్న పాత హెడ్‌ఫోను తీశాడు. డెక్కుకి కాకుండా కొత్త మిక్సరుకి తగిలించి ఒక రికార్డు పెట్టాడు. ఎడమ చెవి పలికింది. లుంగీ గుడ్డ వెనక నుంచి, రెండేళ్ళుగా ఏమీ కానట్టు, శుభ్రంగా పలికింది.

ప్రేమదాసు స్టూలు మీద కూర్చున్నాడు. చెడింది హెడ్‌ఫోను కాదు, డెక్కు. బండి ఒరిగిన రోజు రెండూ పడ్డాయి. చెవిలో వినపడలేదు గనక చెవిదే తప్పనుకున్నారు. అంటే ఈ రెండేళ్ళలో ఈ డెక్కు మీద పెట్టి ఆయన నింపిచ్చిన క్యాసెట్లన్నిటిలోనూ ఎడమపక్క ఖాళీ. పేటలోనూ పల్లెల్లోనూ అందరివీ ఒంటి స్పీకరు టేప్‌రికార్డర్లే. సగమే ఉందని ఎవరికీ తెలియదు. అరల్లో వరసగా ఉన్న క్యాసెట్లు చూశాడు. ప్రతి అట్ట మీదా తన చేతిరాత.

డెక్కులు విప్పొద్దని తిరుపతిరావు మొదటి రోజే చెప్పాడు. రిపేరుకి బెజవాడ మెకానిక్కే రావాలి. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళేదాకా ప్రేమదాసు ఆగాడు. ఆయన రిక్షా మలుపు తిరిగాక తలుపు ఒక రెక్క దగ్గరకి వేసి, నాలుగు స్క్రూలు తీసి, వాటిని తీసిన వరసలోనే కాగితం మీద పెట్టుకున్నాడు. మూత ఎత్తితే దుమ్ము, ఒక ఎండిన సాలెపురుగు. టేపు రాసుకుపోయే హెడ్డు వెనక వెంట్రుకల్లాంటి తీగలు నాలుగు. మూడు అంటుకుని ఉన్నాయి. నాలుగోది, తెల్లది, ఊడిపోయి పక్కకి వంగి ఉంది. ఎక్కడ అంటుకోవాలో అక్కడికి గింజంత దూరం.

సాల్డరింగు ఇనుము వేడెక్కేలోగా తీగ కొసని గోరుతో గీకాడు. చెయ్యి వణక్కుండా మోచెయ్యి బల్లకి ఆనించాడు. సీసం చుక్క కరిగి, మెరిసి, బూడిదరంగు తిరిగింది. ఊదలేదు. దానంతట అదే ఆరాలి. మూత పెట్టకుండానే ఇంజనీరు క్యాసెట్టు పెట్టి, పాత హెడ్‌ఫోను నెత్తిన పెట్టుకున్నాడు.

మోటారు మోత ఈసారి రెండువైపులా లేచింది. ఆయన గదిలో ఉన్నట్టు లేదు, గది ఆయనలో ఉన్నట్టుంది. చుక్కలు కుడిపక్కన పుట్టాయి. నుదుటి ముందుకొచ్చాయి. అక్కడ ఎప్పుడూ ఆగిపోయే చోట ప్రేమదాసు అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టాడు. అవి ఆగలేదు. కనుబొమ్మ మీంచి ఎడమచెంప పక్కకి దిగి, చెవి దాటి, భుజం వెనక ఎక్కడికో వెళ్ళాయి. ఒక్కొక్కటీ వెళ్ళింది. ఆయన తల తెలియకుండానే వాటితోపాటు తిరిగింది. ఎడమపక్క గోడ, గోడ మీద కేలండరు. దానికి అవతల ఇంకా ఎంతో దూరం ఉందని, అది ఇన్నాళ్ళూ అక్కడే ఉందని అనిపించింది.

క్యాసెట్టు ఒక పక్క అయిపోయేదాకా విన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, స్క్రూలు వరసలో బిగించి, ఇంజనీరుకి కొత్త కాపీ తీయటం మొదలుపెట్టాడు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. రాత్రంతా అదే ఆలోచించాడు. శుక్రవారం పొద్దున తిరుపతిరావు గల్లాపెట్టె దగ్గర అగరుబత్తి వెలిగించి కూర్చున్నాక ఎదురుగా నిలబడి, డెక్కు విప్పిన సంగతీ, తెల్లతీగ సంగతీ, రెండేళ్ళ క్యాసెట్ల సంగతీ వరసగా చెప్పాడు.

తిరుపతిరావు అరల్లోని క్యాసెట్ల వంక చూశాడు. "రెండేళ్ళూ సగం పాటే ఇచ్చామంటావా?"

"సగమేనండి."

"ఎవడన్నా వచ్చి అడిగాడా?"

"లేదండి."

"మరి నువ్వెందుకు చెప్తున్నావు?"

ప్రేమదాసు అగరుబత్తి పొగ వంక చూశాడు. ఉద్యోగం పోతుందేమోనని లూర్దమ్మతో అని వచ్చాడు. అది ఇక్కడ చెప్పేది కాదు. తిరుపతిరావు లేచి డెక్కు మూత మీద చెయ్యి వేసి, ఇంకోసారి విప్పితే మర్యాదగా ఉండదని, ఈ మాట కొట్టు దాటకూడదని అన్నాడు. తర్వాత అసలు సంగతి అడిగాడు. రెంటిలో ఏది ఉంచుకోవాలి?

నల్లది పనికి మంచిదనీ, హారను పక్కన కూర్చునేవాడికి అదే కావాలనీ ప్రేమదాసు చెప్పాడు. పచ్చది ఇంట్లో కూర్చుని పాట వినేవాడికి. మనం పచ్చది పెట్టుకుని పెళ్ళి చెయ్యలేం, వీరులపాడులో చూశాం గదా. అయితే పాతది కూడా చెవులు మూసేదే, దానికి ఏ లోపమూ లేదు, మిక్సరు మీద రెండు పక్కలా పలుకుతోంది.

చివరి మాట వినగానే తిరుపతిరావు మొహం తేటపడింది. రెండూ పెట్టెల్లో పెట్టించాడు. నల్లదాన్ని ఇంకోసారి స్పిరిటుతో తుడిపించాడు. పచ్చదాన్ని ఎవరూ తుడవలేదు. మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి పెట్టెలు వెళ్ళాయి. భవానీప్రసాద్ అలిగి సాయంత్రం కొట్టు వైపు రాలేదు.

శనివారం నాలుగింటికి ఇంజనీరు జీపు ఆగింది. కాపీ బాగా వచ్చిందో లేదో ఒకసారి వినమని ప్రేమదాసు కొత్త కాపీని చివరి భాగం దగ్గరికి తిప్పి డెక్కులో పెట్టాడు. మేకున ఉన్న పాత హెడ్‌ఫోను చూసి, తుడిచి ఇద్దామని స్పిరిటు సీసా వైపు చెయ్యి చాచాడు. ఈలోగా ఇంజనీరే మేకు మీంచి అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు. లుంగీ గుడ్డ ఆయన చెంపలకి అంటుకుంది. కళ్ళు మూశాడు. కాసేపటికి ఆయన తల మెల్లగా ఎడమవైపు తిరిగింది.

ప్రేమదాసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈసారి ఎడమపక్క వచ్చిందయ్యా," అన్నాడు ఇంజనీరు. "పోయినసారి లేదు. టేపుదే లోపమేమో అనుకుని నీతో గట్టిగా అనలేదు."

తిరుపతిరావు గల్లాపెట్టె దగ్గర్నుంచి ఇటు చూశాడు. ఇంజనీరు నవ్వి, హెడ్‌ఫోను బల్ల మీద పెట్టి, అట్ట మీద పేరు రాసి ఉంచమని, ఎదురుకొట్టులో సిగరెట్లు తెచ్చుకుంటానని రోడ్డు దాటాడు. టేపు తిరుగుతూనే ఉంది. మరో నిమిషంలో జీపుతో పాటు ఆ క్యాసెట్లు రెండూ వెళ్ళిపోతాయి. ఇంకొకటి తీసి దాచుకోవాలని ప్రేమదాసుకి నిన్న తోచింది. అడక్కుండా తియ్యటం ఇష్టంలేక మానేశాడు.

తిరుపతిరావు లేచి వచ్చాడు. అంత పెద్ద ఇంజనీరు కళ్ళు మూసుకుని విన్నది ఏమిటో తెలుసుకోవాలనిపించినట్టుంది. పాత హెడ్‌ఫోనుని పట్టీ దగ్గర రెండు వేళ్ళతో ఎత్తాడు. లుంగీ గుడ్డ వంక చూశాడు. రెండు చేతులతో విడదీసి, చెవులకి అంగుళం దూరంలో పట్టుకున్నాడు.

"ఏముందిరా ఇందులో? దోమల రొదేగా."

ప్రేమదాసు క్యాసెట్టు అట్ట మీద తేదీ వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"చెవికి పెట్టుకోవాలండి," అన్నాడు.

తిరుపతిరావు అరలోని స్పిరిటు సీసా వంక చూశాడు. తర్వాత ప్రేమదాసు చేతి వంక చూశాడు. ఆ చెయ్యి కలం పట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ నింపాదిగా రాస్తోంది. రోడ్డు మీద ఇంజనీరు సిగరెట్టు వెలిగించుకుని ఇటు బయలుదేరాడు. తిరుపతిరావు చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి. డెక్కులో టేపు చివరికొచ్చి, టక్కున ఆగింది.